కొలను గట్టు మీద అమ్మ

చిన్నికి నలభై దాటాయి. అయినా ఇంట్లోనూ, తను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలోనూ అందరికీ ఇంకా చిన్నే. ఆమె భయాలు మాత్రం చిన్నవి కావు. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారి నుంచి ఇంటికి తిరిగొచ్చే మనిషి. లిఫ్టు ఒంటరిగా ఎక్కదు, నలుగురితో కలిసి అసలే ఎక్కదు. అలాంటి మనిషి వాళ్ళమ్మని వెంటబెట్టుకుని రాజధాని చూడ్డానికి వెళ్తానంటే దుకాణం యజమాని చేతిలో ఉన్న అద్దం బల్ల మీద పెట్టి, "నువ్వా? మీ అమ్మ నిన్ను తీసుకెళ్తోందని చెప్పు, నమ్ముతాను," అన్నాడు.

ఆయన అన్నది అబద్ధం కాదు. పట్టు పట్టింది అమ్మే.

అమ్మ బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేసి రిటైరైంది. ఆ మిల్లు తానుల అంచు మీద ఒక ముద్ర ఉండేది. యుద్ధాల్లో పోయిన సైనికుల కోసం రాజధానిలో కట్టిన తెల్లటి స్మారక భవనం, దాని ముందు పొడుగాటి కొలను, ఆ కొలనులో తలకిందులుగా అదే భవనం. రోజూ ఆ బొమ్మని మడతపెట్టి మడతపెట్టి అమ్మకి ఒకటే అనుమానం మిగిలిపోయింది. నీళ్ళలో నిజంగా అంత స్పష్టంగా కనపడుతుందా, లేక కంపెనీవాళ్ళు గీయించుకున్నారా? "కళ్ళతో చూసి తేల్చుకోవాలే. మీ అన్నయ్య ఎలాగూ తీసుకెళ్ళడు. వాడికి సెలవు ఉన్నప్పుడు ఓపిక ఉండదు, ఓపిక ఉన్నప్పుడు సెలవుండదు," అంది.

మగ్గాల మోత అమ్మ చెవుల్ని ఎప్పుడో మింగేసింది. మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు గనక ఆడవాళ్ళంతా పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకునేవారు. ఆ భాషే ఇంట్లోకీ వచ్చింది. చిన్ని వంటింట్లోంచి గొంతు కలపకుండా పెదాలు కదిపితే చాలు, అమ్మ వరండాలోంచి జవాబు చెప్పేది. అన్నయ్య కొనిచ్చిన చెవి మిషను ఒకటి ఉంది గానీ, జనంలోకి వెళ్ళేసరికి అది ఈల వేస్తుంది. అమ్మ దాన్ని తీసి పర్సులో పడేస్తుంది.

రాజధానిలో ఆ భవనం చూడ్డానికి వెళ్ళిన రోజు పొద్దున్నా అదే చేసింది.

గేటు దగ్గర పొడుగాటి వరస. తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ళు, సంచులు వాసన చూసే కుక్క, పెద్ద పెద్ద సిమెంటు దిమ్మలు. ఇంత కాపలా ఉందంటే ఇక్కడ ఏదో జరిగే ఉంటుంది, లేదా జరగబోతూ ఉంటుంది అని చిన్నికి లోపల గుబులు మొదలైంది. బయటికి పోయే దారులు ఎన్ని ఉన్నాయో చూసుకుంది. ముందున్న పెద్ద గేటు, కుడివైపు పొదల వెనక ఒక చిన్న తలుపు.

అమ్మ ఆమె మోచెయ్యి గోకి, "ఆ కుక్క నీకంటే ఎక్కువ భయపడుతోంది, చూడు," అంది. వినపడని మనిషి గనక గట్టిగానే అంది. వరసలో నలుగురు నవ్వారు. కుక్కని పట్టుకున్నాయన కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

లోపలికి వెళ్ళాక అమ్మ మాట్లాడ్డం మానేసింది. భవనం నిజంగానే తెల్లగా ఉంది, బొమ్మలో కంటే చాలా పెద్దగా ఉంది. కొలను దాని మెట్ల దగ్గర మొదలై తోట నడిమి దాకా ఒక పొడుగాటి అద్దంలా పరుచుకుని ఉంది. గాలి లేదు. గోపురం, స్తంభాలు, పైనున్న మబ్బు ముక్క, అన్నీ నీళ్ళలో తలకిందులుగా, ఒక్క గీత కూడా చెదరకుండా ఉన్నాయి. అమ్మ రాతి గట్టు మీద కూర్చుని, వంగి, చాలాసేపు చూసింది.

"కంపెనీవాళ్ళది తప్పేం లేదు," అంది చివరికి. "పాపం, ఇన్నాళ్ళూ అనవసరంగా అనుమానించాను."

తర్వాత ఫొటో కావాలంది. తను, నీళ్ళలో గోపురం, రెండూ పడాలట. అలా పడాలంటే కొలను చుట్టూ తిరిగి అవతలి గట్టుకి వెళ్ళాలి. అమ్మని ఒక్కదాన్నీ వదిలి వెళ్ళడం చిన్నికి ఇష్టం లేదు. "ఎక్కడికీ కదలకు," అని పెదాలతో రెండుసార్లు చెప్పింది. అమ్మ, "నీకు అమ్మని నేనా, నాకు అమ్మవి నువ్వా?" అని చేతులతో అడిగింది.

చిన్ని అవతలి గట్టు చేరి ఫోన్ ఎత్తింది. తెర మీద అమ్మ వేలెడంత కనిపించింది. శాలువా సర్దుకుని, ఫొటో కోసం ఎప్పుడూ పెట్టే బిగుసుకున్న మొహం పెట్టింది.

అప్పుడు పేలింది.

చప్పుడు గేటు వైపు నుంచి వచ్చింది. టైరు పేలినట్టు లేదు, టపాకాయలా లేదు. పక్కటెముకల్లో కొట్టినట్టు తగిలింది. ఒక క్షణం తోటంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఎవరో ఆడమనిషి సన్నగా కేక పెట్టింది. "కాలుస్తున్నారు" అని ఎవరో అన్నారు, ఆ మాట వెనక్కి తిరిగి చూసేలోపు పది నోళ్ళలోకి పాకింది. ఇక జనం కదిలారు. నడిచేవాళ్ళు పరుగందుకున్నారు, పరిగెత్తేవాళ్ళు తోసుకున్నారు. గేటు దగ్గరున్న వాళ్ళంతా కొలను వైపుకే ఒక గోడలా వచ్చిపడ్డారు.

చిన్ని అమ్మ వైపు చూసింది. అమ్మకి ఏమీ వినపడలేదు. గట్టు మీద అలాగే కూర్చుని కూతురి మొహంలోకి చూస్తోంది. కూతురి మొహంలో ఏం కనిపించిందో, అరచెయ్యి వెల్లకిలా తిప్పి గాల్లో ఊపింది. మిల్లు భాషలో దానికి అర్థం, ఏమైంది?

చిన్ని జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తింది.

అమ్మని వదిలి పోదామని అనుకుని పరిగెత్తలేదు. అసలేమీ అనుకోలేదు. కాళ్ళు వాటి దారిన అవి పోయాయి. పొద్దున చూసి పెట్టుకున్న పొదల వెనక తలుపు వైపుకే పోయాయి. ఎవరి మోచెయ్యో చెవి మీద తగిలింది. ఎవరి కాలినో తొక్కింది, అది మెత్తగా తగిలింది గానీ వంగి చూడలేదు. తలుపు దగ్గర పాత టోపీ పెట్టుకున్న తోటమాలి ఒకాయన దొరికినవాళ్ళని దొరికినట్టు లోపలికి లాగుతున్నాడు. ఆమెని కూడా భుజం పట్టి లాగి, తలుపు మూసి, గడియ వేశాడు.

అది బయటికి పోయే దారి కాదు, తోటపని సామాను పెట్టుకునే గది. కిటికీ లేదు. తలుపు కింది సందులోంచి వచ్చే వెలుగు తప్ప ఏమీ లేదు. నీళ్ళ గొట్టాలు, గడ్డి కోసే మిషన్లు, ఎరువు బస్తాల వాసన. వాటి మధ్య ఇరుక్కుని పది పన్నెండు మంది. గోడకి ఆనుకుని ఒక గర్భిణి కూర్చుని ఉంది. ఆమె మొగుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నీలం చొక్కా మనిషి ఒకడు ఫోన్ చూస్తూ గుసగుసగా వార్తలు చదువుతున్నాడు. "ఇద్దరట... కాదు, నలుగురట. తోటలోకి వచ్చేశారట."

అప్పుడు గుర్తొచ్చింది చిన్నికి. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు. ఊపిరి కుదుటపడేసరికి, కళ్ళ ముందు ఆ అరచెయ్యి కదిలింది.

"మా అమ్మ బయట ఉంది," అంది.

"అందరికీ ఎవరో ఒకరు బయట ఉన్నారు," అన్నాడు నీలం చొక్కా. "తలుపు తీస్తే మనమంతా పోతాం. నోరు మూసుకుని కూర్చోండి."

ఆ మాట వినగానే ఆమె గుండె మీద నుంచి బరువు దిగింది. తలుపు తియ్యరు, ఇక తను చెయ్యగలిగిందేమీ లేదు. ఆ సంగతి తెలిసి తన ఒళ్ళు ఎంత తేలికపడిందో ఆమెకి తెలిసింది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆ తేలికే.

తోటమాలి చీకట్లోంచి, "ఎక్కడుంది మీ అమ్మగారు?" అని అడిగాడు.

"కొలను గట్టు మీద. ఆవిడకి చెవులు వినపడవు."

ఆయన గడియ మీద చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా, "నువ్వు వెళ్తానంటే గడియ తీస్తానమ్మా. మళ్ళీ వచ్చి తట్టితే మాత్రం తియ్యను. లోపల కడుపుతో ఉన్న మనిషి ఉంది," అన్నాడు.

"పిచ్చా మీకు?" అన్నాడు నీలం చొక్కా.

దిగిన బరువు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇప్పుడు తలుపు మూసి ఉంచేది తను తప్ప ఇంకెవరూ కాదు. చిన్ని ఎరువు బస్తా మీద కూర్చుండిపోయింది. బయట దూరంగా ఏదో పడిన చప్పుడు, తర్వాత మౌనం. వెళ్ళకపోయినా ఎవరూ ఏమీ అనరని తనకి తాను చెప్పుకుంది. అన్నయ్య కూడా అనడు. అమ్మ గడుసుది, ఎక్కడో దాక్కునే ఉంటుంది. వెళ్ళి తనూ పోతే అమ్మని చూసుకునేదెవరు? ఇలా ఒకదాని మీద ఒకటి సాకులు పేర్చుకుంటూ పోయింది. అన్నీ సబబుగానే ఉన్నాయి. కానీ ఒక్కటి మాత్రం ఎటు తిప్పినా అడ్డం పడుతోంది. అమ్మకి వెనక నుంచి ఎవరు వస్తున్నా తెలియదు. పారిపోవాలో, దాక్కోవాలో, ఎటు వైపు చూడాలో కూడా తెలియదు. ఆ అరచెయ్యి తిప్పి, పోయేవాళ్ళందరినీ అడుగుతూ ఉంటుంది, ఏమైంది, ఏమైంది అని. ఒక్కడూ ఆగి చెప్పడు.

లేచి నిలబడింది. గడ్డి మిషను పిడి పట్టుకుంది. "తియ్యండి," అంది. ఆ మాట గొంతులోంచి రాలేదు, పెదాలే కదిలాయి. మళ్ళీ అంది.

గడియ తీసిన చప్పుడుకి లోపల ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. ఆమె బయటపడగానే వెనక గడియ పడింది.

తోటలో ఎవరూ లేరు. ఎండ, గడ్డి, అంతే. ఎక్కడ చూసినా చెప్పులు. బోర్లాపడినవి, తెగినవి, జతలు విడిపోయినవి. పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి ఒకటి పక్కకి ఒరిగి ఉంది. దాని చక్రం ఇంకా తిరుగుతున్నట్టు అనిపించింది, తిరగడం లేదు. చిన్ని పొదల వెంట నాలుగు కాళ్ళ మీద పాకింది. ఆకు కదిలితే ఆగింది. తన ఊపిరి తనకే ఎవరో వెంటపడి పీలుస్తున్నట్టు వినపడుతోంది. వెనక్కి వెళ్ళి తలుపు తడితే ఆయన నిజంగానే తియ్యడా అని ఒకసారి ఆలోచించింది.

పొదలు అయిపోయాయి. అక్కణ్ణుంచి కొలను దాకా బయలే.

గట్టు మీద అమ్మ లేదు. నీళ్ళ మీద అమ్మ శాలువా తేలుతోంది.

ఆ తర్వాత ఎలా నడిచిందో, పాకిందో, పరిగెత్తిందో ఆమెకి ఇప్పటికీ చెప్పడం రాదు. గట్టు చేరి కిందికి చూసేసరికి అమ్మ కనపడింది. కొలను లోతు మోకాళ్ళ దాకా ఉంటుందేమో. అమ్మ గట్టుకి వీపు ఆనించి, నీళ్ళలో చతికిలబడి ఉంది. ఒళ్ళో ఒక భారీ మనిషి, మెడలో కెమెరా ఉంది, టూరిస్టులకి ఫొటోలు తీసే ఆయనలా ఉన్నాడు. కణత మీద పెద్ద గాయం. కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతని తల నీళ్ళలోకి జారిపోకుండా అమ్మ రెండు చేతులూ గడ్డం కింద బిగించి పట్టుకుని ఉంది. ఆ చేతులు మోచేతుల దాకా అదురుతున్నాయి.

అమ్మ తలెత్తింది. కూతుర్ని చూసి మొహం మారిపోయింది. వద్దన్నట్టు తల గట్టిగా అడ్డంగా ఊపింది. పో, పో అని కళ్ళతో తోసేసింది. చిన్ని గట్టు దిగి నీళ్ళలోకి వచ్చేసింది.

అప్పుడు అమ్మ తన మామూలు గొంతుతో, అంటే వీధంతా వినపడే గొంతుతో, "ఈయన తల పట్టుకో, నా చేతులు పడిపోతున్నాయి!" అంది.

ఖాళీ తోటలో ఆ మాట గోపురం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. చిన్ని గబుక్కున అమ్మ నోటి మీద చెయ్యి పెట్టింది. గొంతు కలపకుండా, పెదాలతో, "అరవకు. కాలుస్తున్నారు," అంది.

"ఎవరు?" అమ్మ పెదాలు.

"తెలీదు."

"ఎక్కడ?"

"తెలీదమ్మా."

అమ్మ మొహంలో రంగు పోయింది. ఇంతసేపూ తను దేనిలో కూర్చుందో అప్పుడే ఆమెకి తెలిసింది. చిన్ని ఆ మనిషి తల తన చేతుల్లోకి తీసుకుంది. తల బరువుగా, వెచ్చగా ఉంది. ముక్కులోంచి ఊపిరి ఆడుతోంది. చల్లటి నీళ్ళు నడుము దాకా పట్టేశాయి. ఇద్దరూ గట్టు నీడలో వంగి ఒకరి పెదాలొకరు చూసుకుంటూ కూర్చున్నారు.

"నువ్వెందుకొచ్చావు?" అంది అమ్మ పెదాలతో.

చిన్ని జవాబు వెతుక్కుంటూ ఉండగా బూట్ల చప్పుడు వినపడింది.

రాతి బాట మీద, గేటు వైపు నుంచి. ఇద్దరో ముగ్గురో. తొందర లేకుండా, ఆగి ఆగి నడుస్తున్నారు. అమ్మకి వినపడలేదు. ఆమె ఇంకా జవాబు కోసం కూతురి నోటికేసి చూస్తోంది. చిన్ని చెప్పలేదు. చెప్పి ఏం లాభం? పరిగెత్తడానికి చోటు లేదు, పరిగెత్తితే ఈ తల నీళ్ళలో పడుతుంది. బూట్లు దగ్గరయ్యాయి. చిన్ని మెల్లగా ముందుకి జరిగి, అమ్మ మొహాన్ని తన భుజానికి అదుముకుంది. అమ్మ కళ్ళు ఏమీ చూడకూడదని ఒక్కటే అనుకుంది. తన కళ్ళు కూడా మూసుకుంది. భయం పోలేదు. అయినా కాళ్ళు ఈసారి కదల్లేదు.

నీడ మీద పడింది.

"లెండమ్మా," అంది ఒక గొంతు. "ఏం లేదు. లెండి."

కాపలావాళ్ళు. వాళ్ళలో ఒకడు కొలనులోకి దూకి ఫొటోలాయన్ని అందుకున్నాడు. గేటు బయట బుడగలమ్మే అతని గ్యాస్ సిలిండరు పేలిందట. అంతేనట. కాల్పులూ లేవు, కాల్చేవాళ్ళూ లేరు. ఆ 'ఇద్దరు, నలుగురు' ఎక్కడ పుట్టారో ఎవరికీ తెలియదు. బుడగలతనికి చెయ్యి కాలింది. తొక్కిసలాటలో మాత్రం చాలామందికి దెబ్బలు తగిలాయి. ఒక ముసలాయనని గేటు దగ్గర నుంచి మొహం కప్పి తీసుకెళ్ళారు.

ఏం లేదని తెలిశాక కూడా చిన్ని నీళ్ళలోంచి లేవలేకపోయింది. ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి లాడ్జి గదికి చేరారు. అమ్మ మోకాళ్ళకి కట్లు కట్టి పంపించారు. పర్సుతో పాటు చెవి మిషను తడిసి చచ్చిపోయింది. అమ్మ పొడి బట్టలు కట్టుకుని, టీ తెప్పించుకుని తాగుతూ మంచం మీద కూర్చుంది. గుంపు తనని, ఆ ఫొటోలాయన్ని కలిపి నీళ్ళలోకి తోసేసిందని, ఆయన తల రాతికి కొట్టుకుందని, పేరైనా అడగడం కుదరలేదని చెప్పింది. కప్పు చప్పుడు చేస్తోంది సాసరు మీద. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది, అయినా ఆగలేదు.

చిన్ని గది మూలనున్న సింకులో తడి బట్టలు పిండుతోంది. వీపు అమ్మ వైపు. వీపు తిప్పి ఉంటే అమ్మకి ఒక్క మాట అందదు. ఇంతసేపు గొంతులో అడ్డం పడిన మాట అందుకే అప్పుడు బయటికి వచ్చింది.

"నిన్ను వదిలేసి పరిగెత్తానమ్మా," అంది గోడతో. "గదిలో దాక్కున్నాను. తలుపు తియ్యరని తెలిసి సంతోషించాను."

కుళాయి నీళ్ళు పారుతున్నాయి. వెనక నుంచి అమ్మ గొంతు వచ్చింది.

"సింకు మీద అద్దం ఉందే, పిచ్చిదానా. నీ నోరు కనపడుతోంది నాకు."

చిన్ని తలెత్తింది. అద్దంలో అమ్మ తననే చూస్తోంది. కుళాయి కట్టేసింది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు.

"పరిగెత్తావు, చూశాను," అంది అమ్మ. "చెయ్యి ఊపితే చూసి కూడా పోయావు. గుండె ఝల్లుమంది. ఇది నన్ను వదిలి పోతోంది అనుకున్నాను. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ తర్వాత నువ్వు జనంలో కనపడకుండా పోయావు. పోనీలే, ఇది బయటపడింది, అనుకున్నాను. రెండూ అనుకున్నాను. ఒకటి నిజం, ఒకటి అబద్ధం అని నన్ను అడక్కు."

"మళ్ళీ అలాంటిది జరిగితే ఏం చేస్తానో నాకు తెలీదమ్మా."

"నాకు మాత్రం ఏం తెలుసు? ఆ మనిషి తల వదిలేసి పోదామని ఎన్నిసార్లు అనుకున్నానో. చేతులు బిగుసుకుపోయి ఊడి రాలేదు గానీ." అమ్మ కప్పు కింద పెట్టింది. "ఇలా రా. చలేస్తోంది."

చిన్ని వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరి మీదా దుప్పటి కప్పుకున్నారు. బయట వరండాలో ఎవరో బకెట్టు దభాలున పెట్టారు. చిన్ని ఉలిక్కిపడి మంచం పట్టె పట్టుకుంది. అమ్మకి వినపడలేదు గానీ, ఆ ఉలికిపాటు ఒంటి నుంచి ఒంటికి పాకి ఆమె కూడా ఉలిక్కిపడింది. "ఏమైంది?" అంది. "బకెట్టు," అంది చిన్ని, వెంటనే, మొహం అమ్మ వైపు పూర్తిగా తిప్పి.

మర్నాడు పొద్దున రైలుకి ఇంకా వేళ ఉంది. ఇంకోసారి అక్కడికి వెళ్దామంది అమ్మ. "నాకు భయమేస్తోందమ్మా," అంది చిన్ని, ఉన్నమాట. "నాకూ వేస్తోంది. అందుకే పట్టపగలు, దూరం నుంచి," అంది అమ్మ.

గేటు మూసేసి ఉంది. రోడ్డు మీద నుంచి, ఇనప కంచె సందుల్లోంచి చూశారు. కొలను మామూలుగా ఉంది, గోపురం మళ్ళీ నీళ్ళలో తలకిందులుగా నిలబడింది. ఒక పనిమనిషి పొడుగాటి కర్రకి కట్టిన వలతో నీళ్ళలోంచి చెప్పులు తీసి గట్టు మీద వేస్తోంది. అప్పటికే ఒక కుప్ప అయింది. ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, ఒకటి అరచేతిలో పట్టేంత చిన్నది.

"అందులో నాది కూడా ఉంటుంది," అంది అమ్మ. "పిలిచి అడుగుదామా?"

అమ్మ కంచె పట్టుకుని ఆ కుప్పకేసి చూస్తూ ఉండిపోయింది. పిలవలేదు. ఆ పనిమనిషి మరో చెప్పు తీసి, నీళ్ళు కారేదాకా ఆగి, మిగతావాటి పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"పద," అంది అమ్మ, కూతురి మోచెయ్యి పట్టుకుని. "రైలు దొరకదు."